క్యానన్ పి బాడీ ఉంది, లెన్సు లేదు: ఒకే ఒక్కటి కొనాలంటే ఏది?

తనయతీరం, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు ఓడల్లో ఉద్యోగం చేసిన రోజుల్లో జపాను నుంచి తెచ్చుకున్న క్యానన్ పి కెమెరా ఇప్పుడు నా దగ్గరకు చేరింది. బాడీ మాత్రమే. లెన్సు ఎవరికో అరువిచ్చారట. ఆ పెద్దమనిషి ఎవరో చెప్పమంటే ఇంట్లో అందరూ మాట మార్చేస్తారు. షట్టరు తెర మీద ముడతలు పడ్డాయి. అయినా వేగాలు వేటికవి చెవికి వేరుగా వినిపిస్తున్నాయి. లెన్సు బిగించే చోట లోపల ఉన్న చిన్న చక్రాన్ని వేలితో నొక్కితే వ్యూఫైండరు మధ్యలోని చుక్కలో బొమ్మ కదులుతోంది. కాబట్టి కెమెరా బతికే ఉన్నట్టు లెక్క.

దీనికి ఒక్క లెన్సే కొంటాను. రెండోదానికి డబ్బు లేదు, ఉన్నా మా ఆవిడ ఒప్పుకోదు. సుంకం, తపాలా ఖర్చు అన్నీ కలిపి 25,000 రూపాయలు దాటకూడదు. తీయాలనుకుంటున్నవి మా ఊరి గజపతుల కోట, రథయాత్ర, సంత, మహేంద్రతనయ ఒడ్డు, ఇంట్లో మనుషులు. ఎక్కువగా నలుపు తెలుపు రీలు. 50/1.8 (50 మి.మీ. లెన్సు, ఎఫ్ 1.8; ఎఫ్ అంకె చిన్నదైన కొద్దీ వెలుతురు ఎక్కువ పడుతుంది) చాలని ఒకరు, 1.4 లేకపోతే దండగని ఇంకొకరు, రష్యా జూపిటర్ కొని మిగిలిన డబ్బు దాచుకోమని మరొకరు, అసలు 50 ఎందుకు, ఇంకా వెడల్పుగా చూసే 35 తీసుకోమని ఇంకెవరో. చదివిన కొద్దీ మతి పోతోంది. దయచేసి ఒక దారి చూపించండి.

జీపుబండి, జయపురం

కొంటే 50/0.95 కొనాలి అన్నా! క్యానన్ వాళ్లే చేశారు, మనిషి కంటి కన్నా వెలుతురు ఎక్కువ పట్టేదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. మిగతావన్నీ పిల్లలాట.

రుషికుల్య, బరంపురం

జీపుబండి బాబూ, ఆ 0.95 లెన్సు 1961లో క్యానన్ 7తో పాటు వచ్చింది. దాని బిగింపు మర కాదు, క్యానన్ 7 ముందు భాగంలో ప్రత్యేకంగా పెట్టిన బయటి పళ్ల బిగింపు. పి మీద అసలు కూర్చోదు. ధర సంగతి సరే, ముందు పట్టాలి కదా.

తనయతీరం బాబుకు కొంచెం వివరంగా రాస్తాను. బరంపురంలో స్టూడియో నడిపి, డిజిటల్ వచ్చాక షట్టరు దించేసినవాణ్ని. ఊటీలో తయారైన ఇందు రీళ్లు పేటికల కొద్దీ తెప్పించుకున్న కాలం నాది.

ముడతల గురించి బెంగ పెట్టుకోకు. పి కెమెరాలో తెర గుడ్డ కాదు, స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. వేలు తగిలితే ముడత పడుతుంది, పడ్డా పని ఆగదు. గుడ్డ తెర ఉన్న పాత లైకాలను ఎండలో మూత తీసి సూర్యుడి వైపు పెట్టి వదిలేస్తే తెరకు చిల్లు కాలుతుంది. ఎస్సెల్లార్‌లో మధ్యలో అద్దం కాపు కాస్తుంది. నీ పి లాంటి రేంజ్‌ఫైండరు కెమెరాలో, అంటే చుక్కలో రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసేదానిలో, లెన్సుకూ తెరకూ మధ్య ఏ అడ్డూ లేదు. మన చైత్ర వైశాఖాల ఎండకు స్టీలు తెర ఉండడమే మేలు.

ఇక ఈ కెమెరా కన్ను ఎలా చూస్తుందో గమనించు. 1959లో వచ్చిన పి వ్యూఫైండరులో లోకం ఉన్న పరిమాణంలోనే కనిపిస్తుంది, పెరగదు, తగ్గదు. రెండు కళ్లూ తెరిచే ఫోటో తీయవచ్చు. కుడి కంటితో చట్రం, ఎడమ కంటితో చట్రం బయట నడిచివస్తున్న మనిషి. లోపల 35, 50, 100 గీతలు మూడూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. లెన్సు మార్చినా అవి మారవు. వాటిలో 50 గీత చూపుకు హాయిగా అందుతుంది. 35 గీత పూర్తిగా అంచుకు నెట్టేసినట్టు ఉంటుంది. ఒకే లెన్సు అన్నావు కనుక 50 మీదే నిలబడు.

మర 39 మిల్లీమీటర్లది. లైకా మొదలుపెట్టింది, క్యానన్, సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాలన్నీ అదే పట్టుకున్నాయి, నికాన్ కూడా ఆ మరకు లెన్సులు చేసింది. కాబట్టి ఎంపికకు కొదవ లేదు. కొదవల్లా మంచి గాజుకే.

నా ఓటు క్యానన్ 50/1.8కు. 1951లో సెరెనార్ పేరుతో వచ్చింది, తర్వాత పేరు పోయింది, ఒళ్లు తేలికైంది. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు. ఆ రోజుల్లో ఈ తరహా లెన్సులను పూర్తిగా తెరిస్తే దీపాల చుట్టూ పాలు ఒలికినట్టు మసక వచ్చేది. హిరోషి ఇటో అనే ఇంజనీరు లెక్కలు మళ్లీ కట్టి దాన్ని అదుపు చేశాడు. ఎఫ్ 4 దగ్గరికి వస్తే ఈనాటి లెన్సులకూ తలవంచదు.

కానీ దీనికి ఒక జబ్బుంది. ఎపర్చరు (వెలుతురు వచ్చే కన్నం) రేకులకు వెనుక ఉన్న గాజు మీద పొగ పడుతుంది. లోపలి గ్రీజు ఆవిరై అక్కడ పేరుకుంటుంది. తొలిదశలో తుడిస్తే పోతుంది. చాలా ఏళ్లు అలాగే వదిలేస్తే గాజు పైపొరనే తినేస్తుంది, ఇక ఎవరూ బాగు చేయలేరు. నలుపు, వెండి రంగుల రకంలో ఇది మరీ ఎక్కువ. అందుకే పేరు చూసి కొనకు, గాజు చూసి కొను.

ప్రాణహిత, సిరొంచ

రుషికుల్య గారి మాట కాదనను గానీ ఆయనది సముద్రపు గాలి తగిలే ఊరు, మాది నిప్పుల కుంపటి. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ వేడికి లెన్సు లోపలి గ్రీజులోంచి నూనె విడిపోయి రేకుల మీదకు పాకుతుంది. మాకు బూజు కన్నా ఈ నూనే పెద్ద శత్రువు. కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు డిక్కీలో కెమెరా పెట్టేవాళ్లు ఏ లెన్సు కొన్నా ఒకటే.

నేను జోర్కీ 4 మీద జూపిటర్ 8 వాడతాను. 50 మి.మీ., ఎఫ్ 2. యుద్ధానికి ముందు జైస్ కంపెనీలో లుడ్విగ్ బెర్టెలే గీసిన సోనార్‌కు సోవియట్ సంతానం. మూడు గుంపులే కనుక గాలీ గాజూ కలిసే ముఖాలు ఆరే. క్యానన్ 50/1.8 లాంటి గాస్ తరహాలో అవి ఎనిమిది. ప్రతి ముఖం దగ్గరా కొంత వెలుతురు వెనక్కి తిరిగి లోపలే చిందులు వేస్తుంది కనుక, పూతలు లేని కాలంలో సోనార్ బొమ్మకు అంత నిగారింపు ఉండేది. మనుషుల ముఖాలకు ఇంతకు మించినది నేను చూడలేదు. 2022లో ప్రాణహిత పుష్కరాలకు నది మెట్ల మీద తీసిన ముసలమ్మల ఫోటోలన్నీ దీనితోనే. వెనుక జనం మెత్తగా కరిగిపోతారు, ముడతలు మాత్రం ఉన్నవున్నట్టు నిలుస్తాయి. ధర క్యానన్‌లో సగం కూడా ఉండదు.

నంబరు చూస్తే తయారైన సంవత్సరం తెలిసిపోతుంది, మొదటి రెండు అంకెలూ అదే. ఎపర్చరు రింగుకు టిక్కు టిక్కు మనే ఆపులు ఉండవు. ఎఫ్ 4 పెట్టాననుకుంటే 5.6కు జారి ఉంటుంది. అదొక్కటీ చూసుకోవాలి.

రుషికుల్య, బరంపురం

ప్రాణహిత గారూ, జోర్కీ మీద జూపిటర్ అంటే నాకు అభ్యంతరం లేదు. పి మీద మాత్రం ఉంది. మర ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. లైకా తరహా బాడీలు 50 అని రాసిన లెన్సు నిజానికి 51.6 మి.మీ. అనుకుని దూరం కొలుస్తాయి, క్యానన్‌ది కూడా ఆ దారే. సోనార్ పుట్టిన కాంటాక్స్ లెక్క 52.4. దాన్ని అనుసరించిన జూపిటర్లు చాలావరకు దూరంలో బాగానే ఉంటాయి. మీటరు దగ్గరకు వచ్చి ఎఫ్ 2 తెరిస్తే మాత్రం కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి దగ్గరో ముక్కు దగ్గరో తేలుతుంది. ఆ దూరంలో ఎఫ్ 2కు స్పష్టంగా పడే లోతే నాలుగైదు సెంటీమీటర్లు.

దానికి తోడు ఈ సోవియట్ లెన్సులను చాలామంది చేతులు విప్పి బిగించి ఉంటాయి. గాజుల మధ్య ఉండవలసిన పలుచని రింగులు కొన్నింట్లో మాయమై ఉంటాయి. రెండు జూపిటర్లు ఒకలా ఉండవు.

ప్రాణహిత, సిరొంచ

ఒప్పుకుంటాను, అదృష్టం మీద ఆధారపడే కొనుగోలే. కానీ మా వైపు ఫోటోలు తీసేది పగటి వెలుతురులో. ఎఫ్ 5.6, ఎఫ్ 8 దగ్గర మీరు చెప్పిన తేడా లోతులో కలిసిపోతుంది. ఎఫ్ 2 కోసమే కొనేవాళ్లు ఆలోచించుకోవాలి, అంతే.

సంతచూపు, గుణుపురం

సంతలో తీయాలనుకునే మనిషికి 50 చెప్పడం నాకు నచ్చలేదు. మా గుణుపురం సంతలో సవరలు కొండ చీపుర్లు, అడ్డాకులు, చింతపండు పరిచి కూర్చుంటారు. మనిషికీ మనిషికీ మధ్య మోకాలు పెట్టే చోటు ఉండదు. 50తో వెనక్కి జరిగితే వెనుకవాడి బుట్ట మీద పడతారు.

లెక్క చూడండి. 35 మి.మీ. లెన్సును ఎఫ్ 8 దగ్గర 5 మీటర్లకు పెట్టి వదిలేస్తే సుమారు రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. అదే 50కి పదిన్నర మీటర్లకు పెట్టాలి, స్పష్టత ఐదు మీటర్లు దాటాక గానీ మొదలవదు. 35 ఉంటే ఫోకస్ రింగు ముట్టుకోకుండా రోజంతా నడవవచ్చు. వేగం, ఎపర్చరు కూడా పొద్దున్నే పెట్టేసుకుంటే చాలు. ఎర్రటి ఎండలో 400 రీలుకు ఎఫ్ 16, 1/500. వెలుతురు కొలిచే మీటరు అక్కర్లేదు.

కళ్లజోడు, రాయగడ

సంతచూపు గారికి కళ్లు బాగున్నాయి కనుక అలా అంటున్నారు. నాకు మైనస్ నాలుగు. అద్దాలు పెట్టుకుని పి లోంచి చూస్తే 35 గీత కనిపించాలంటే తల ఎడమకూ కుడికీ తిప్పాలి. పైగా ఆ కెమెరా కంటి దగ్గర లోహపు అంచు అద్దాల మీద గీతలు పెడుతుంది. చిన్న రబ్బరు వలయం అంటించుకోవాలి. నేను నాలుగు అంచులూ ఒకేసారి చూడగలిగేది 50తోనే. తనయతీరం గారు అద్దాలు వాడతారా? అది ముందు చెప్పాలి, మిగతా చర్చ తర్వాత.

లైకా ఎల్మార్ 50/3.5 గురించి ఎవరూ ఎత్తలేదేం? ముడిస్తే లోపలికి పోతుంది, చొక్కా జేబులో కెమెరా పడుతుంది. మాక్స్ బెరెక్ లెక్కలు కట్టిన నాలుగు గాజుల లెన్సు, 1920ల నుంచీ నిలబడింది.

రుషికుల్య, బరంపురం

ఎల్మార్ మంచిదే. కానీ ఎపర్చరు మార్చడానికి ముందు వైపు చిన్న మీట ఉంటుంది, గోరుతో జరపాలి, అది కూడా కెమెరాను తిప్పి చూసుకుని. ఫిల్టరు పెడితే అదీ కుదరదు. రథం కదులుతుంటే గోళ్లు వెతుక్కునే తీరిక ఉండదు.

తనయతీరం, పర్లాకిమిడి

అందరికీ ధన్యవాదాలు. కళ్లజోడు గారూ, నాకూ అద్దాలు ఉన్నాయి. నిన్న వరండాలో నిలబడి చూశాను, 35 గీత ఎడమ అంచు నాకు అందడం లేదు. కాబట్టి 35 కథ ముగిసినట్టే. సంతచూపు గారు ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు మిగిలిన సందేహం 1.8, 1.4 మధ్య. బరంపురంలో మా మేనత్త గారిల్లు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర రాత్రుళ్లు తీయాలని ఎప్పటి నుంచో కోరిక. పులివేషాలు, వీధి దీపాలు. దానికి 1.4 కావాలేమో అనిపిస్తోంది. డబ్బు కొంచెం పెంచమంటే పెంచగలను, కొంచెమే.

రుషికుల్య, బరంపురం

ఠాకురాణి యాత్రకు నేను తీసినన్ని రీళ్లు మా వీధిలో ఎవరూ తీసి ఉండరు కనుక చెబుతున్నాను. 1.8కీ 1.4కీ మధ్య తేడా ముప్పావు స్టాపు కన్నా కొంచెం తక్కువ (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). అంటే ఒకదానిలో 1/30 పెట్టే చోట ఇంకోదానిలో 1/50 దాకా వెళ్లవచ్చు. పులివేషగాడు ఎగిరితే 1/30లోనూ కదిలిపోతాడు, 1/50లోనూ కదిలిపోతాడు. వాడు ఒక్క క్షణం నిలిచి మీసం దువ్వే దాకా ఆగడం నేర్చుకుంటే రెండూ చాలు.

ముప్పావు స్టాపు కోసం లెన్సు మార్చే బదులు రీలును తొయ్యి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పి 5 రీలు 400ది. 1600 అని పెట్టి తీసి, ఎక్కువ సేపు కడిగితే రెండు స్టాపులు లాభం. గింజ లావవుతుంది, నీడలు నల్లబడతాయి. రాత్రి జాతరకు అది అందమే.

ఇంకో సంగతి. మీటరు దూరంలో ఎఫ్ 1.4కు లోతు మూడు సెంటీమీటర్లు. గుంపు తోస్తుంటే నువ్వు ఊగిసలాడేదే అంతకు మించి ఉంటుంది.

1.4కు ఉన్న అసలు సుగుణం వేగం కాదు. 1.8కు పట్టినంత తరచుగా దానికి పొగ పట్టదు. డబ్బు ఎక్కువ పెట్టాలనుకుంటే ఆ ఒక్క కారణంతో పెట్టు.

నేతగది, బరంపురం

నేను మా పట్టు మగ్గాల వీధివాణ్ని. మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా ఇంట్లో గుంట మగ్గం ఉన్న గదిలో ఒక్క కిటికీ, ఒక్క బల్బు. ఫోడా కుంభ అంచు నేసేటప్పుడు మా నాన్నగారి చేతులు తీయడానికి 400 రీలుతో ఎఫ్ 2, 1/30 దొరుకుతుంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నప్పుడు 1/60. కెమెరాలో అద్దం ఎగిరిపడే కుదుపు లేదు కనుక 1/15లో కూడా గోడకు ఆనుకుని నిలబడి తీసినవి నిలిచాయి. నాది నికాన్ వాళ్ల మర లెన్సు, నిక్కోర్ 50/2. దాని సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. 1950లో కొరియా యుద్ధానికి వెళ్లిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ నిక్కోర్లు వాడిన తర్వాతే జపాను గాజు పేరు బయట మోగింది. ఇది కూడా సోనార్ వంశమే. దూరం మీటరు కన్నా తగ్గించి అడుగున్నర దాకా తిప్పవచ్చు, కానీ అంత దగ్గరలో రేంజ్‌ఫైండరు తోడు రాదు, టేపుతో కొలుచుకోవాలి. నేను పోగుల మీద అలాగే తీస్తాను.

గోపాలపురం దీపం, గోపాలపూర్

మీరంతా లెన్సు గురించే మాట్లాడుతున్నారు. రీలు ధర చూశారా? కడగడానికీ, స్కానుకూ హైదరాబాదుకో కలకత్తాకో పంపితే తపాలా ఎంతవుతుందో చూశారా? 25,000 లెన్సు మీద పోస్తే కెమెరా బీరువాలో కూర్చుంటుంది. ఇండస్టార్ 61 కొనండి. 55 మి.మీ., ఎఫ్ 2.8, లాంథనం గాజు, పదును చూస్తే ముక్కున వేలేసుకుంటారు. మిగిలిన డబ్బుతో రీళ్లు కొని రెండేళ్లు హాయిగా తీసుకోండి. ఇంట్లోనే రీలు కడిగే మందులు డి 76, హైపో పెట్టుకుంటే ఇంకా చవక. ఎండాకాలం నీళ్లలో ఐసు ముక్క వేసి 20 డిగ్రీలకు దించుకోవాలి, అంతే కష్టం.

సంతచూపు, గుణుపురం

35 పోయిందంటే బాధే, కానీ గోపాలపురం దీపం గారి మాటకు వంద మార్కులు. ఫోటోలు తీసేది రీలు. మన చర్చల్లో అది ఎప్పుడూ చివర్లో గుర్తొస్తుంది.

రుషికుల్య, బరంపురం

దీపం గారి లెక్క సరైనదే. కాకపోతే ఎఫ్ 2.8తో నేతగది గారి మగ్గం గది తీయలేరు, ఠాకురాణి తీయలేరు. పగటి లెన్సు చాలనుకునేవాళ్లకు నేను కూడా ఇండస్టారే చెబుతాను.

కళ్లజోడు, రాయగడ

ఏది కొన్నా బూజు సంగతి ముందే చెప్పాలి. గంజాం తీరం వానాకాలంలో గోడలే చెమరుస్తాయి. చాలామంది చేసే పని ఏమిటంటే, లెన్సును దాని పాత తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తారు. తోలు తేమ పీల్చుకుంటుంది, బూజుకు తోలే ఆహారం. సంచిని అటక మీద పెట్టండి, లెన్సును గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. చిన్న తేమ మీటరు డబ్బాలో పడేసి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు. మరీ ఎండబెట్టినా గ్రీజు గట్టిపడుతుంది. గింజల రంగు మారితే మూకుడులో సన్న సెగన వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకండి, తవుడు ధూళి రింగుల్లోకి పోతుంది.

తనయతీరం, పర్లాకిమిడి

నిర్ణయానికి వచ్చేశాను. క్యానన్ 50/1.8, కానీ గాజు శుభ్రంగా ఉన్నది దొరికితేనే. జపాను అమ్మకందారుల పేజీలు చూస్తున్నాను. పైన పెద్ద అక్షరాల్లో 'ఎక్సలెంట్' అని, పక్కన వరసగా ప్లస్ గుర్తులు. కిందికి వెళ్తే గాజు గురించిన పంక్తిలో సన్నగా 'కొంచెం పొగ, ఫోటో మీద ప్రభావం లేదు' అని ఉంటోంది. దీన్ని నమ్మవచ్చా?

రుషికుల్య, బరంపురం

నమ్మకు. కొంచెం పొగ ఉన్న లెన్సుతో ఎండ వెనుక నుంచి పడేటప్పుడు బాగానే వస్తుంది. మనిషి వెనుక ఆకాశం ఉన్నప్పుడు బొమ్మంతా బూడిద రంగుకు తిరుగుతుంది. ప్లస్ గుర్తులు లెక్కపెట్టడం మాని గాజు పంక్తి ఒక్కటే చదువు. వెనుక నుంచి టార్చి వేసి తీసిన ఫోటో అడుగు. పంపకపోతే ఇంకో దుకాణం చూడు.

చేతికి వచ్చాక చేయవలసినవి రాస్తాను, భద్రపరచుకో. చీకటి గదిలో లెన్సును పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చిని కొంచెం వాలుగా వేసి ముందు నుంచి చూడు. పొగ ఉంటే గాజు మీద ఊపిరి ఊదినట్టు సమంగా తెల్లబడి కనిపిస్తుంది. బూజైతే సాలీడు దారాల్లా కొమ్మలు వేస్తుంది. గాజులను అతికించిన జిగురు విడిపోతే అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి. నాలుగైదు దుమ్ము రేణువులకు కంగారు పడకు. అవి లేని పాత లెన్సు ఉండదు. ముందు గాజు మీద సన్న గీతలు తుడుపు గుర్తులు, వాటితో బతకవచ్చు. పొగతో బతకలేం.

తర్వాత రేంజ్‌ఫైండరు పొత్తు. లెన్సును అనంతానికి తిప్పి, కనీసం ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలోని సెల్ టవరునో కొండ మీది చెట్టునో చూడు. రెండు బొమ్మలూ సరిగ్గా ఒకటైపోవాలి. పక్కకు జరిగి ఉన్నా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నా మెకానిక్ చేతికి ఇవ్వాలి. అక్కడ సరిపోతే మీటరు దూరంలో టేపు పెట్టి చూడు. ఆఖరి పరీక్ష రీలు లేకుండా చేసేది. వెనుక తలుపు తెరిచి, రీలు ఆనే లోపలి పట్టాల మీద చదునైన గాజు ముక్కకు బిగుతుగా అంటించిన ట్రేసింగ్ కాగితం పెట్టు, కాగితం ముఖం లెన్సు వైపు ఉండాలి. షట్టరును బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్థానం) మీద పెట్టి, కేబులు రిలీజుతో తెరిచి ఉంచు. తల మీద నల్ల గుడ్డ కప్పుకుని, భూతద్దంతో కాగితం మీద పడిన బొమ్మ చూడు. చుక్కలో కలిసిన వస్తువే కాగితం మీదా పదునుగా ఉంటే నీ లెన్సూ బాడీ కలిసినట్టే.

జీపుబండి, జయపురం

ఇంత తతంగం ఉందా! నేను ఫోనుతోనే ఉంటాను.

తనయతీరం, పర్లాకిమిడి

లెన్సు వచ్చింది. సుంకంతో కలిపి 25,000 లోపే తేలింది. నలుపు, వెండి రకం. టార్చి వేసి చూశాం. చూసింది నేనూ, మా అబ్బాయీ. రేకుల వెనుక గాజు నిర్మలంగా ఉంది. ముందు గాజు మీద రెండు సన్న గీతలు, లోపల కాసిన్ని దుమ్ము రేణువులు. బూజు లేదు. ఊరి బయట టవరు మీద అనంతం కలుస్తోంది. ట్రేసింగ్ కాగితం పరీక్షలో మీటరు దూరంలో టేపు మీది అంకె, చుక్కలోని అంకె ఒకటే. కాగితం మీద తలకిందులుగా మా వంటింటి కిటికీ కనిపించేసరికి మా ఆవిడ కూడా గుడ్డలోకి తల దూర్చింది. ఇప్పుడు రీలు ఖర్చు అడగడం లేదు, ఆ ధైర్యం ఎంతకాలం ఉంటుందో చూడాలి.

ఒక్కటే ఇబ్బంది. వెలుతురు ఎదురుగా పడితే బొమ్మ పాలిపోతుందని, లెన్సు ముందు ఎండకు అడ్డుగా హుడ్ పెట్టమని అన్నిచోట్లా రాశారు. దీని ముందు మర 40 మి.మీ. అట. ఆ కొలత ఫిల్టరు గానీ హుడ్ గానీ ఎక్కడా దొరకడం లేదు. 40.5 పడుతుందా?

ప్రాణహిత, సిరొంచ

అభినందనలు. 40.5 పట్టదు, అది మా జూపిటర్ కొలత. బలవంతం చేస్తే మర చెడుతుంది.

రుషికుల్య, బరంపురం

40 నుంచి 43 మి.మీ.కు పెంచే రింగు ఆన్‌లైన్‌లో వెతుకు. అది బిగించాక 43 మి.మీ. ఫిల్టర్లు, హుడ్‌లు తేలికగా దొరుకుతాయి. మొదట పసుపు ఫిల్టరు తీసుకో. నలుపు తెలుపు రీలు మీద మహేంద్రగిరి వైపు మేఘాలు విడివిడిగా పడతాయి. దానికి ఒక స్టాపు వెలుతురు ఎక్కువ ఇవ్వాలి. హుడ్ పొట్టిదిగా చూడు, పొడవైతే వ్యూఫైండరు కింది మూలకు అడ్డం వస్తుంది. ఈసారి మేనత్త గారింటికి వచ్చినప్పుడు కెమెరా పట్టుకుని రా, నా దగ్గర పాత రింగుల డబ్బా ఉంది, అందులో 40 ఉందేమో చూద్దాం.